చమురుమంటయు నురుగుమందును

నెల్లూరు తీరపు రైతునకు నురుగనగా సముద్రపుటలల నురుగు తెలియును, పాలనురుగు తెలియును, కుంకుడునురుగు తెలియును. మంటల నార్పు నురుగొకటి గలదనియు, అందు జాతిభేదములు గలవనియు, ఒక జాతి నురుగు మంట నార్పి బావిని చెరుచుననియు, మరియొక జాతి నురుగు మంటను చేరకమున్నే తాను కరగిపోవుననియు ఆతని కెవరును చెప్పలేదు. పూర్వము చెప్పవలసిన అవసరమును లేకుండెను. ఇప్పుడు కలిగినది.

కృష్ణపట్నమున 2008లో క్రొత్త రేవు పనిచేయనారంభించినది మొదలు మన తీరపు రూపు మారినది. మలేషియా, ఇండోనీషియాల నుండి పామాయిలు ఓడలలో వచ్చి దిగుచున్నది. ముత్తుకూరు మండలమున, పంటపాలెము చుట్టుపట్ల, దానిని శుద్ధిచేయు కర్మాగారములును, వాని ఉక్కుతొట్లును బారులు తీరి యున్నవి. నేలటూరు కడ శ్రీ దామోదరం సంజీవయ్యగారి పేర వెలసిన విద్యుత్కేంద్రము బొగ్గుతో నడచునదే; అయినను బాయిలరు రాజేయుటకు నూనె కావలయును గనుక అట్టి కేంద్రములన్నిటను నూనెతొట్లు తప్పవు. 16వ నంబరు జాతీయ రహదారిమీద తడ మొదలు కావలి వరకు పెట్రోలు, స్పిరిటు, ఆసిడు మోయు టాంకరులు రేయింబవళ్లు నడచుచున్నవి. ఉత్తరపు కొసను రామాయపట్నము దాపున బృహత్తరమగు చమురుశుద్ధిశాలను నిలుపవలెనని భారత్ పెట్రోలియం వారు తలపెట్టి, 2024 డిసెంబరులో ప్రాథమిక కార్యములకే 6,100 కోట్ల రూపాయలు మంజూరు చేసికొనిరి. దక్షిణపు కొసను శ్రీహరికోట యుండనే యున్నది.

ఇవి వలదని మేమనము. ఓడలేని రేవును, పనిలేని పల్లెను కోరువారము కాము. కాని ఇన్ని నూనెలు, ఇన్ని రసాయనములు ఒక సన్నని తీరపుగట్టుమీద చేరినపుడు, వానిలో నొకటి అంటుకొన్ననాడు దేనితో నార్పుదురని యడుగు హక్కు ఆ గట్టునానుకొని రొయ్యల చెరువులు త్రవ్వుకొన్నవానికిని, వరి పండించుకొనువానికిని, వలవేసి బ్రదుకువానికిని కలదు. ఈ ప్రశ్నకు "ఫోము తెప్పించితిమి" అను ప్రత్యుత్తరము సరిపోదు. ఏ ఫోము? ఎంత? దేనికొరకు? ఆర్పిన పిదప ఆ నురుగునీరు పోవు దారి యేది? ఈ నాలుగు మాటలకును సమాధానము కావలయును.

వంటయింట మూకుడులోని నూనె అంటుకొన్నపుడు తెలిసిన ఇల్లాలు చెంబెడు నీళ్లు పోయదు, మూత పెట్టును. నీరు నూనెకంటె బరువు గనుక అడుగునకు పోయి, ఆ వేడికి ఆవిరియై, మండుచున్న నూనెను ఇంటికప్పు వరకు ఎగజిమ్మును. నీరే ఆజ్యమగు చోటది. మూకుడునకు మూత దొరకును గాని నలువది మీటర్ల వ్యాసముగల తొట్టికి మూత దొరకదు. అట్టి తొట్టికి కప్పు మూతయే నురుగు. నీటిలో నూటికి మూడు పాళ్లో ఆరు పాళ్లో నురుగుమందు కలిపి, దానిలో గాలి చేర్చినచో ద్రవము పలురెట్లు పొంగి, నూనెకంటె తేలికయై దానిపై దుప్పటివలె పరచుకొనును. గాలిని నూనెకు చేరనీయదు. నూనెయావిరిని పైకి లేవనీయదు. తనలోని నీటిని మెల్లమెల్లగా విడచుచు ఉపరితలమును చల్లార్చును. పాలు పొంగినట్టి ఈ సామాన్యవిషయమును మంట కెదురొడ్డిన మొదటివాడు బాకూ నగరమున ఉపాధ్యాయుడుగా నుండిన అలెగ్జాండరు లోరాన్ అను రష్యా ఇంజనీరు. బాకూ చమురుబావులకు నెలవు. అక్కడి మంటలు చూచి చూచి ఆయన 1904 ప్రాంతమున ఈ యుపాయమును లోకమునకు వెల్లడించెను. వంటసోడాను, పటికజాతి లవణమును కలిపి పొంగించెడి ఆ తొలినాటి నురుగు నిలుచుటకై పశ్చిమదేశములవారు అతిమధురపు వేరు రసమును సయితము వాడిరి. మన వైద్యుల సంచిలోని సరకు చమురుతొట్టిమీద పనిచేసినదన్నమాట! తరువాత పశువుల గిట్టలు, కొమ్ములు పొడిచేసి ఉడికించిన మాంసకృత్తుల నురుగు వచ్చెను. 1960వ దశకమున అమెరికా నౌకాదళ పరిశోధనాలయము ఫ్లోరిను చేర్చిన రసాయనములతో నురుగుమందును తయారుచేసెను. అది పెట్రోలుమీద కంటికి కానరాని నీటిపొరను పరచుచు పరుగిడి పోవును. మంట నిమేషములలో అణగును. ఎ.ఎఫ్.ఎఫ్.ఎఫ్. అను పేర అది లోకమంతట విమానాశ్రయములను, ఓడలను, చమురుస్థావరములను ఆక్రమించెను. దాని కథ ముందు చెప్పెదము. అది అంత శుభమైన కథ కాదు.

మొదటి ప్రశ్న, దేనికొరకు అనునది. మండు ద్రవములు రెండు కులములు. పెట్రోలు, డీజిలు, కిరోసిను, ముడిచమురు మొదలగునవి నీటితో కలియనివి. సారాయము, మెథనాలు, అసిటోను, కొన్ని ఈథరులు మొదలగునవి నీటితో స్నేహము చేయునవి. మొదటి కులముమీద ఏ మంచి నురుగైనను నిలుచును. రెండవ కులముమీద సామాన్యపు నురుగు నిలువదు: నురుగు బుడగలలోని నీటిని ఆ ద్రవము పీల్చివేయును, కుంకుడునురుగుపై సారా చిలికినట్లు క్షణములో చప్పబడిపోవును. ఎన్ని పీపాలు గ్రుమ్మరించినను మంటకు లెక్కలేదు. అట్టివానికి సారాయమునకు తాళు నురుగని వేరొకటి గలదు. దానిలో జిగురుజాతి పదార్థమొకటి చేర్పబడి యుండును. అది ద్రవమును తాకగానే మీగడవలె పొరకట్టి, ఆ పొరమీద నురుగును నిలుపును. దానినైనను ధారగా మంటలోనికి కొట్టరాదు, మీగడ చిరుగును. తొట్టిగోడకు తాకించి మెల్లగా జారవిడువవలయును.

ఈ భేదము రసాయనశాస్త్రజ్ఞుల పుస్తకములలోనిదని మన పాఠకులు త్రోసివేయరాదు. ఏలయన, మనము మోటారులో పోయించుకొను పెట్రోలే కులము మారినది. దేశమున పెట్రోలులో ఇథనాలు కలుపుట 2022లో నూటికి 10 పాళ్లకును, 2025లో 20 పాళ్లకును చేరెను. పదిపాళ్లకు మించి సారాయము కలిసిన పెట్రోలును సారాయపు కులములోనే చేర్చి, దానికి తాళు నురుగునే వాడవలెనని అమెరికాదేశపు అగ్నిరక్షణ సంఘము యొక్క ప్రమాణము చెప్పుచున్నది. చెరకు, వరి, మొక్కజొన్న రైతునకు ఇథనాలు లాభమేయని మేమును నమ్మువారమే. కాని మిశ్రమము మారిన దినముననే, ఆ మిశ్రమమును నిలువచేయు ప్రతి డిపోలోను, అమ్ము ప్రతి బంకులోను, రహదారిప్రక్క నున్న ప్రతి అగ్నిమాపక కేంద్రమునందును నురుగుపీపా మారినదా? ఇథనాలు పాలు పెరిగిన వార్త పత్రికలన్నిటను పెద్ద యక్షరములలో వచ్చెను. పీపాలు మారిన వార్త మా కంటబడలేదు. గూడూరుకడ ఒక టాంకరు బోల్తాపడిన రాత్రి, పాతకాలపు మందుతో వచ్చిన శకటము ఎదురుగా నిలిచి తన నురుగు కరగిపోవుట చూచుచుండుట మేము కోరము. శుద్ధమైన ఇథనాలు మంట లేతదై పగటివేళ సరిగా కంటికి కానరాదు, పొగయు స్వల్పము. దగ్గరకు పోవువాడు పోయినదాక ఎరుగడు.

ఔషధపరిశ్రమలలోని కరగించు ద్రవములును ఈ రెండవ కులమునకు దాపరులే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురపు ప్రత్యేక ఆర్థికమండలిలోని ఎసెన్షియా కర్మాగారమున ఈథరుజాతి ద్రవము కారి, దాని ఆవిరి అంటుకొని ప్రేలి 17 మంది ప్రాణములు కోల్పోయిరి. ప్రేలుడు జరిగిన పిదప నురుగు చేయగల దల్పము; కాని ద్రవము నేలబడిన తొలి నిమేషములలో, అంటుకొనకమున్నే, తగిన నురుగు కప్పగలిగినచో ఆవిరి లేవకుండును. నురుగునకు మంట నార్పుటయే కాదు, మంటను పుట్టనీయకుండుటయు పని. ఈ రెండవ పని మనదేశమున తరచు మరువబడుచున్నది.

ఇక పామాయిలు. ఇది తినెడి నూనెయే గదా, ఇందేమి ప్రమాదమని లోకులు తలంతురు. అది తేలికగ అంటుకొనదనుట నిజమే. కాని అంటుకొన్న పిదప దాని వేడి మూడువందల డిగ్రీలకు మించును; అట్టి నూనెలో పడిన నీరు తటాలున ఆవిరియై నూనెను నురుగెత్తించి తొట్టి యంచు దాటి పొర్లించును. నురుగులో నుండునదియు నీరే గనుక దానిని కూడ ఒక్కసారిగా క్రుమ్మరింపరాదు. కొలది కొలదిగా అంచునుండి పరచి, ఉపరితలము చల్లబడుకొలదియు పెంచవలయును. ముడిచమురు, బరువునూనెల సంగతి ఇంకను భయంకరము. పైన మండుచుండగా వేడిపొర యొకటి గంటలకొలది మెల్లగా క్రిందికి దిగుచు, తొట్టియడుగున నిలిచియుండు నీటిని చేరును. చేరిన క్షణమున ఆ నీరు సుమారు 1,700 రెట్లు వ్యాకోచించి, తొట్టిలోని నూనెనంతయు మండుచున్నదానిని ఆకసమున కెత్తి చుట్టును కుమ్మరించును. 1982 డిసెంబరు 19న వెనిజులాదేశమున కరాకస్ దాపున టకోవా అను సముద్రతీరపు విద్యుత్కేంద్రమున జరిగినదిదే. బాయిలరు నూనెతొట్టి ఉదయమునుండి మండుచుండెను. అగ్నిమాపకులు, పత్రికలవారు, చూడవచ్చిన జనులు చుట్టును గుమిగూడిరి. కొన్ని గంటలకు నూనె పొంగి విరజిమ్మి 150 మందికి పైగా దగ్ధులైరి. తీరము, విద్యుత్కేంద్రము, నూనెతొట్టి, చూడవచ్చిన జనము. ఈ నాలిగింటిలో మన నేలటూరున లేని దేది? తొట్టి చిన్నదియో పెద్దదియో, నూనె ఏ జాతిదియో అక్కడివారు చెప్పవలయును.

నురుగు పనికిరాని చోట్లును గలవు. ఒత్తిడితో చిమ్ము వాయువుమీద నురుగు నిలువదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నపు హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధిశాలలో ఓడనుండి వచ్చుచుండిన వంటవాయువు కారి అంటుకొని సుమారు 60 మందిని బలిగొనెను. అట్టిచోట చేయదగిన పని తూము మూయుట, ప్రక్కతొట్లను నీటితో చల్లార్చుట. 1995 జనవరిలో తూర్పుగోదావరి పాశర్లపూడికడ విజృంభించిన వాయుబావి 65 దినములు మండెను. అదియు బావిమూతి మూతబడిన పిదపనే ఆరినది. సోడియము, అల్యూమినియపు కొన్ని సమ్మేళనములు నీటి నంటగానే భగ్గుమనును. వానికి పొడిమందో, ఇసుకయో గాని నురుగు పనికిరాదు. శ్రీహరికోటలో 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధనపు విభాగమున ఆరుగురి ప్రాణములు తీసిన మంటయు ఇట్టిదే: అట్టి ఇంధనము తన ప్రాణవాయువును తనలోనే దాచుకొని యుండును, పైన దుప్పటి కప్పి దాని ఊపిరి నాపజాలము. కావున గోదామువాకిట "ఫోము గలదు" అని బోర్డు వ్రేలాడగనే నిశ్చింతపడు అధికారి, లోపల నున్న సరకు జాబితాను ఒక్కసారి చదువుట మేలు.

ఎంత యను ప్రశ్నకు వచ్చెదము. ఇక్కడనే మన వారి లెక్కలు తప్పును. 40 మీటర్ల వ్యాసముగల పెట్రోలుతొట్టి పైకప్పు కూలి ఉపరితలమంతయు మండుచున్నదనుకొందము. దాని వైశాల్యము సుమారు 1,256 చదరపు మీటర్లు. వెలుపలినుండి నురుగు చిమ్మువారికి చదరపు మీటరునకు నిమేషమునకు 6.5 లీటర్ల చొప్పున 65 నిమేషములు ఎడతెగక చిమ్మవలెనని అమెరికా ప్రమాణము. అనగా నిమేషమునకు 8,000 లీటర్లకు పైగా. మొత్తము 5 లక్షల 30 వేల లీటర్ల మిశ్రమము. అందు నూటికి మూడు పాళ్ల వంతున నురుగుమందే 16,000 లీటర్లు, అనగా 200 లీటర్ల పీపాలు 80. ఆరు పాళ్లు కలుపవలసిన సారాయపు కులమైనచో 160కి తక్కువ కాదు. చిమ్ము రేటును పెంచవలసియుండుట చేత ఇంకను ఎక్కువయగును. మన ఊరి అగ్నిమాపక శకటము 4,500 లీటర్ల నీరు మోయును. ఆ నీరు ఈ తొట్టికి అరనిమేషపు ఫలహారము.

ఈ లెక్కలో దాగియున్న ధర్మమొకటి గలదు. చాలినంత మందు చేరకమున్నే చిమ్మనారంభించుట వట్టి దుర్వ్యయము. సగము కప్పిన దుప్పటిని మంట గంటలోపల తినివేయును; మరల మొదటినుండి కప్పవలయును. ఊరిలో నున్న పది పీపాలు మొదటి గంటలో, పొరుగూరినుండి వచ్చిన ఇరువది మూడవ గంటలో, చెన్నపట్టణమునుండి వచ్చిన ముప్పది సాయంకాలమున చిమ్మినచో అరువది పీపాలును నేలపాలు. అనుభవజ్ఞులు ప్రక్కతొట్లను చల్లార్చుచు, మందంతయు పోగుచేసికొని, ఒక్కపెట్టున దండెత్తుదురు. చూచువారికి అది చేతులు ముడుచుకొని కూర్చున్నట్లు తోచును; అధికారులమీద ఒత్తిడి వచ్చును; మంత్రి వచ్చును; ఏదో యొకటి చిమ్ముమందురు. జయపురమున సీతాపుర చమురుస్థావరము 2009 అక్టోబరు 29న అంటుకొన్నపుడు, మంటను తనంత తానారువరకు వదలివేయుట తప్ప మరి దారి లేకపోయెను. పన్నెండుమంది మరణించిరి, సుమారు 60,000 కిలోలీటర్ల ఇంధనము దినములకొలది కాలెను. దానిపై ఏర్పడిన విచారణసంఘము తూముల లోపమును, స్థావరపు సిద్ధతలోని లోపములను ఏకరువు పెట్టెను. 2016 ఏప్రిల్ 26న దువ్వాడలోని బయోడీజిలు కర్మాగారపు తొట్లు తెల్లవార్లు మండినపుడు నౌకాదళము సయితము కదలిరావలసి వచ్చెను. విశాఖపట్నమునకు నౌకాదళము పెరటిలోనే యున్నది. కృష్ణపట్నమునకు లేదు.

మనుష్యులు నేర్చియుండుట మరియొక యెత్తు. 1967 జూలై 29న ఫారెస్టలు అను అమెరికా యుద్ధనౌకమీద మంటలు పుట్టినపుడు ఒక జట్టువారు నురుగు కప్పుచుండగా, శిక్షణలేని మరియొక జట్టువారు సముద్రపు నీటిగొట్టములతో ఆ నురుగును కడిగివేసి, మండు ఇంధనమును క్రింది యంతస్తులలోనికి త్రోసిరి. 134 మంది చనిపోయిరి. ఇద్దరును శూరులే; ఒకనికి నురుగనగా నేమో తెలియదు. మన పల్లెలలో మంటయనగానే బిందెలతో పరుగెత్తు యువకులు శూరులు కారా? చమురుమంటకడ వారిని ఆపువారెవరు?

ఇప్పుడు ఫ్లోరిను కథ. ఎ.ఎఫ్.ఎఫ్.ఎఫ్. నురుగులోని ప్రాణము పీఫాస్ అని పిలువబడు ఫ్లోరిను రసాయనముల కుటుంబము. కర్బనమునకును ఫ్లోరినునకును గల ముడి ప్రకృతి విప్పలేనంత గట్టిది. ఆ గట్టిదనమే మంటకడ గుణము, నేలలో దోషము. అది ఎండకు చివుకదు, సూక్ష్మజీవులకు లొంగదు, నీటితోబాటు మైళ్లకొలది నడచును, చేపలోను మనుష్యుని రక్తములోను చేరి సంవత్సరములకొలది నిలిచియుండును. ఆ కుటుంబములోని పీఎఫ్‌ఓఏ మనుష్యులలో పుట్టకురుపు కలిగించునదని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2023లో నిర్ణయించెను. అమెరికాలో వైమానిక స్థావరముల దాపులనున్న ఊళ్ల బావులలో ఇది కనబడినది. పెద్ద అగ్నిప్రమాదములచేత కాదు, నెలనెలా సాగిన అభ్యాసములలో చిమ్మిన నురుగుచేత! ఆ రసాయనములు చేసిన 3ఎం కంపెనీ త్రాగునీటి సంస్థలకు వెయ్యికోట్ల డాలర్లకు మించిన పరిహార మిచ్చుటకు 2023లో ఒడంబడెను. స్టాక్‌హోం ఒడంబడిక ఈ కుటుంబములోని మూడింటిని 2009, 2019, 2022 సంవత్సరములలో నిషేధ నియంత్రణముల పట్టికలో చేర్చెను. ఐరోపా సమాఖ్య 2025లో నురుగుమందులలో ఈ కుటుంబము నంతటిని గడువులు పెట్టి తొలగింప శాసనము చేసెను. భారతదేశము ఆ ఒడంబడికను 2006లో ఆమోదించినదే. కాని తరువాత చేర్చిన ఒక్కొక్క పదార్థమునకు మనదేశము వేరువేరుగా సమ్మతింపవలసియున్నది. 2020లో ఏడింటికి సమ్మతించితిమి. ఆ యేడింటిలో ఈ నురుగు రసాయనములు లేవు.

ఐరోపావారు విడిచిన సరకు చౌకగా మన రేవులకు వచ్చి పడదనుటకు పూచీ యెవరు? తమ యింట త్రాగరాని నీటిని పరుల చేను తడుపుటకు మళ్లించుట వ్యాపారుల కెన్నడును సిగ్గైన పని కాలేదు. కొనువాడు చౌకయని కొనును. అమ్మువాడు పనిచేయునని యమ్మును. ఇద్దరును సత్యమే చెప్పుదురు. బావి గలవాడు ఆ బేరములో లేడు.

నెల్లూరు తీరమునకు ఈ సంగతి తక్కిన సీమలకంటె ఎక్కువగా తగులును. కండలేరు కృష్ణపట్నముకడ సముద్రమున కలియుచున్నది. పోటునకు ఉప్పునీరు లోనికి వచ్చును, పాటునకు వెలికి పోవును. బకింగుహాము కాలువయు దానితో కలిసియున్నది. ఆ కయ్యల నీటితోనే రొయ్యల చెరువులు నిండుచున్నవి. మంట నార్పువారు నిమేషమునకు 10,000 లీటర్ల చొప్పున పదిగంటలు నీరు వాడినచో 60 లక్షల లీటర్లగును. అయిదడుగుల లోతున ఎకరపు చెరువు నిండు నీరది. దానిలో నూనె, మసి, నురుగుమందు, తొట్టిలోని రసాయనము అన్నియు కలిసియుండును. ఆ నీరు పోవు చోటు మొదటే కట్టియుండనిచో పల్లమెరిగి పోవును; మన తీరమున పల్లమనగా కయ్యయే. 1986 నవంబరు 1న స్విట్జర్లాండులోని బాసెల్ దాపున సాండోజ్ గోదాము కాలినపుడు మంట ఆరినది గాని, ఆర్పిన నీరు పురుగుమందులతో రైనునదిలో పడి చేపలు దండిగా చచ్చెను. ఆ దేశములలో ఆర్పిన నీటిని పట్టి నిలుపు జలాశయములు కట్టుట అప్పటినుండియే ఊపందుకొన్నది. మనకు మరింత దాపున, 2023 డిసెంబరులో తుపాను వరదవేళ చెన్నపట్టణపు మణలి శుద్ధిశాల నుండి వెడలిన చమురు ఎన్నూరు కయ్యలో పరచుకొని బెస్తవారి పడవలను, వలలను నల్లచేసెను. ఎన్నూరునకు మన పులికాటు సరస్సు ఎంతదూరము?

ఫ్లోరిను లేని నురుగు వాడుదమందురా, మా మతమును అదియే. కాని కన్నులు తెరచి వాడవలయును. ఈ క్రొత్తజాతి నురుగు నీటిపొరను పరచదు. దుప్పటి బలముమీదనే ఆధారపడును. కావున మెల్లగా వేయవలయును, కొన్ని ఇంధనములమీద ఎక్కువగా వేయవలయును. చాలవరకు గంజివలె చిక్కనిది గనుక పాత గొట్టములు దానిని సరిగా పీల్చవు. మూడు పాళ్లనుకొన్నచోట రెండే కలియవచ్చును. పాతమందు తీసి క్రొత్తమందు పోసినంతమాత్రమున మార్పిడి పూర్తికాదు. పరికరములను మార్చి, పరీక్షించి, మనుష్యులకు మరల నేర్పవలయును. రెండు జాతుల మందులు ఒక తొట్టిలో కలుపరాదు. మరియు మన తీరమున మంట నార్పుటకు సముద్రపు నీరే చేతికందును. మంచినీటితో చక్కగా పొంగు నురుగు ఉప్పునీటితో అట్లే పొంగునని నమ్మరాదు. మన రోహిణి ఎండలలో రేకులషెడ్డులో రెండేండ్లు పడియున్న పీపా, అమ్మిననాటి గుణమును నిలుపుకొన్నదో లేదో పరీక్షింపక తెలియదు. అందుచేత కంపెనీ కాగితముమీది ముద్ర చాలదు. మన ఉప్పునీటితో, మన ఎండలో, మన తొట్లలోని నూనెమీద, పళ్లెమంత మంటపై నైనను, పరీక్ష జరుపవలయును. ఫ్లోరిను లేనంతమాత్రమున అది తులసితీర్థమును కాదు. ఏ నురుగైనను కయ్యలో పడినచో నీటిలోని ప్రాణవాయువును హరించును; వేకువజామున రొయ్య నీటిపైకి తేలుట యెట్టిదో చెరువుగట్టున నిదురించినవానికి మేము చెప్పనక్కరలేదు. భేదమేమనగా, ఈ హాని వారములలో తీరును. ఫ్లోరినుహాని తరములలో తీరదు.

రేపటినుండి ఫ్లోరిను నురుగు నంతటిని పారబోయుడను మిత్రులతో మేము ఏకీభవింపము. చేతిలోని ఆయుధము విడిచి క్రొత్తది రాకమున్నే యుద్ధమునకు పోరాదు. పెద్ద పెట్రోలుతొట్టి నిజముగా మండుచున్ననాడు, ఊరి ప్రాణముల ముందు బావి రెండవది. కాని అభ్యాసములకు ఫ్లోరిను నురుగు నొక్క చుక్కయైనను వాడకుండుటకు, చిన్నమంటలకు దానిని ముట్టకుండుటకు, క్రొత్తగా కొనునది ఫ్లోరిను లేనిదై యుండుటకు ఎవరి ఆజ్ఞయు రానక్కరలేదు. రామాయపట్నపు శుద్ధిశాల యింకను నేలమీద లేవలేదు. అక్కడ మొదటి గొట్టమునుండియే క్రొత్త నురుగునకు తగినట్లు, తొట్లచుట్టు గట్లును, ఆర్పిన నీరు నిలుపు జలాశయమును చేర్చి కట్టుట సులభము. కట్టిన తరువాత మార్చుట మిక్కిలి వ్యయము.

చట్టము లేదని యెవరును చెప్పరాదు. భోపాలు విషవాయువు పిదప 1989లో చేసిన ప్రమాదకర రసాయనముల నియమముల ప్రకారము పెద్ద నిలువలుగల ప్రతి కర్మాగారము లోపలి విపత్ప్రణాళికను సిద్ధపరచి ఆరునెలల కొకసారి అభ్యసింపవలయును. వెలుపలి ప్రణాళికను జిల్లా అధికారులు వ్రాసి ఏడాది కొకసారి అభ్యసింపవలయును. చుట్టుప్రక్కల జనులకు అపాయమును గూర్చి తెలుపవలయును. చమురు పరిశ్రమ భద్రతా సంచాలకత్వపు ప్రమాణములు, భారతీయ ప్రమాణసంస్థ వారి నురుగుమందు ప్రమాణము 4989, ఇవన్నియు పుస్తకములలో నున్నవి. ముత్తుకూరు, చిల్లకూరు, వాకాడు మండలముల పంచాయతీలు ఈ ప్రణాళికల ప్రతులను కోరవలయును. రొయ్యలరైతుల సంఘములు మేత ధరమీదను, ఎగుమతి సుంకముమీదను సభలు చేయుచున్నవి. ఒక సభ దీనికై చేయుట దండుగ కాదు. కలెక్టరుగారి తదుపరి అభ్యాసమునకు గ్రామస్థులు ప్రేక్షకులుగా గాక పరీక్షకులుగా పోవలయును. ఏ తొట్టిలో ఏ ద్రవము? దానికి తాళు నురుగెన్ని పీపాలు? ఎన్నడు పరీక్షించితిరి? వాననీటి కాలువ తూము ఎవరి చేతిలో నున్నది, మంటనాడు దానిని మూయువాడెవడు?

పాతపీపాల మాట యొకటి మిగిలినది. గడువు తీరిన ఫ్లోరిను నురుగుమందును ఏమి చేయుదురను ప్రశ్నకు ఇతర దేశములలో మిక్కిలి అధికమగు వేడిమిగల కొలుములలో కాల్చుటయో, తాళమువేసి భద్రపరచుటయో సమాధానముగా నున్నది. మనదేశమున పాతపీపాకు పాతసామానులవాడు ధర కట్టును. వానికి కావలసినది పీపా, లోపలి మందు కాదు. ఆ మందును వాడు ఎక్కడ ఒంపునో చూచుటకు రేవువారును, కర్మాగారములవారును, కాలుష్యనియంత్రణ మండలివారును ఇప్పుడే పీపాలను లెక్కించి, జాతి, తయారైన సంవత్సరము వ్రాసి, ఆ పట్టికను ప్రకటింపవలెనని కోరుచున్నాము. పట్టిక వచ్చిన దినమున ఈ పుటయందే ప్రచురింతుము.